"బోర్డు పోయింది" అన్న సీపీయూ పార్క్‌లేన్‌లో 1,850 రూపాయలకు లేచింది

ముందు తీర్పు చెప్పేస్తా, తర్వాత కథ. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు కాస్త అవతల ఒక సందులో, ఇరుకు మెట్లెక్కి పోతే ఒక రిపేరు కొట్టు ఉంది. పాత డెస్క్‌టాప్ ఆన్ కాకపోతే ఇకమీదట నేను అక్కడికే పోతా. ఐదుకు నాలుగు మార్కులు. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో వరసలో మీకే తెలుస్తుంది. పేరు రాయమంటారేమో, రాయను. "రాయకమ్మా, ఉన్న పనికే చేతులు సాల్తలేవు" అని ఆ పెద్దాయనే దండం పెట్టాడు. ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా "బోర్డు పని చేసే పెద్దాయన" అంటే చూపిస్తారు (బోర్డు అంటే సీపీయూ లోపలి మదర్‌బోర్డు). నాకూ ఒక టీకొట్టు అబ్బాయే చూపించాడు.

మాది చిక్కడపల్లిలో చిన్న డీటీపీ సెంటర్. పెళ్లి కార్డులు, గృహప్రవేశాలు, దశదినకర్మ కార్డులు, ఏడాదికి రెండు మూడు కవిత్వం పుస్తకాలు. సెంటర్‌లో రెండు సిస్టమ్‌లు ఉన్నాయి. ఒకటి కొత్తది, వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు పంపడానికి, యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెరుచుకునే తెలుగు అక్షరాలు) పనికి. రెండోది 2009లో అసెంబుల్ చేయించింది: కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు. నాకు అన్నం పెట్టేది ఈ రెండోదే.

"ఇంకా ఎక్స్‌పీనా? పడేసి కొత్తది కొనుక్కోరాదూ" అని వచ్చినవాళ్లందరూ అంటారు. ఎక్స్‌పీకి ఇక సపోర్టు ఇవ్వలేనని మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే చేతులెత్తేసింది, నిజమే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని తర్వాత ఇంకో వెర్షనే లేదు. అదీ నిజమే. కానీ మా దగ్గరకు వచ్చే గిరాకీ ఎట్లుంటుందంటే, "మా పెద్దమ్మాయి కార్డు మీరే చేసిన్రు కదా, చిన్నమ్మాయికి కూడా అట్లనే కావాలె" అంటారు. అప్పుడు పాత ఫైలు తెరిచి, పేర్లు, ముహూర్తం, ఫంక్షన్ హాలు మారిస్తే అరగంటలో పని ఖతం. ఆ ఫైళ్లు యూనికోడ్‌వి కావు. అను ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కాపురం ఉంటుంది. ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే "చి.ల.సౌ." ఉన్నచోట పిచ్చి గీతలు కనబడతాయి. ఫైళ్లు నకలు తీసి దాచాను, కిందటి దసరాకు రెండు పెన్‌డ్రైవ్‌లలో వేశాను కూడా. కానీ నకలు ఉండటం వేరు, అది తెరుచుకునే సిస్టమ్ ఉండటం వేరు. ఆ సిస్టమ్ నుంచే లేజర్ ప్రింటర్‌లో ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి ప్రెస్సుకు ఇస్తాం, వాళ్లు దాంతోనే ప్లేటు చేసుకుంటారు. ఇరవై ఏళ్లుగా నడుస్తున్న దారి అది.

ఇక రోగం సంగతి. వేసవి నుంచే లక్షణాలు కనబడ్డాయి, నేనే పట్టించుకోలేదు. పొద్దున షట్టర్ ఎత్తి, స్విచ్చులు వేసి, సీపీయూ బటన్ నొక్కితే లోపల ఫ్యాను ఒకసారి తుళ్ళి ఆగిపోయేది. మూడోసారో నాలుగోసారో లేచేది. కొన్నాళ్లకు అదీ పోయింది. అప్పుడు ఒక చిత్రమైన కిటుకు నాకే తెలిసింది: ప్లగ్గు పెట్టి, గోడ స్విచ్చు వేసి, ఏం ముట్టుకోకుండా ఊకె వదిలేసి, ఈలోపు ఊడ్చుకుని, దేవుడికి అగరొత్తి వెలిగించి, టీ తాగి వచ్చి నొక్కితే లేచేది. సుమారు అరగంట. ముసలి ప్రాణం కదా, మెల్లగా లేస్తుందిలే అనుకున్నా. తర్వాత రాత్రిళ్లు కూడా గోడ స్విచ్చు ఆపడం మానేశాను. నడుస్తోంది కదా అని.

ఆషాఢం మాకు కాయకష్టం నెల. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవని అందరూ అనుకుంటారు గానీ, శ్రావణం ముహూర్తాల కార్డులన్నీ ఆషాఢంలోనే అచ్చు కావాలి. సరిగ్గా ఆ నెల మధ్యలో ఒక రాత్రి గాలివాన వచ్చి మా వీధిలో నాలుగైదు గంటలు కరెంటు పోయింది. పొద్దున బటన్ నొక్కితే ఫ్యాను తుళ్ళను కూడా తుళ్ళలేదు. అరగంట ఆగాను, గంట ఆగాను. ఉలుకూ పలుకూ లేదు. పద్మారావునగర్ వాళ్ల కార్డు నాలుగు రోజుల్లో ప్రెస్సుకు పోవాలి.

వరంగల్‌లో మా అక్క కొడుకు ఒక పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పని చేస్తాడు. వాడికి వీడియో కాల్ చేశాను. "చిన్నమ్మా, ఏడవకు. నేను చెప్పింది వరసగా చెయ్" అన్నాడు. చెప్పింది చేశాను. మీకూ పనికొస్తుంది కాబట్టి రాస్తున్నా.

మొదట యూపీఎస్‌ను పక్కకు పెట్టి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టించాడు. లేవలేదు. తర్వాత మానిటర్ కేబుల్ పీకి సీపీయూకి పెట్టమన్నాడు, రెండూ ఒకే రకం కేబులే. కేబుల్ లోపల తీగ తెగిపోతే బయటికి ఏం కనబడదట. అదీ కాదు. సీపీయూ వెనక ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును లోపలి భాగాలకు కావాల్సిన తక్కువ వోల్టులకు మార్చే డబ్బా) దగ్గర చిన్న ఎర్ర మీట ఉంటుంది, పాతవాటికి: ఒకవైపు 115, ఒకవైపు 230. అది 230 వైపే ఉందా చూడమన్నాడు. ఉంది. మన దగ్గర దాన్ని 115కు జరిపి కరెంటు ఇస్తే ఢామ్మంటుంది, పిల్లలున్న ఇంట్లో టేపు వేసి పెట్టుకోండి. తర్వాత ప్లగ్గు పీకేసి ముందు బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోమన్నాడు, లోపల మిగిలిన కరెంటు దిగిపోవడానికి. ర్యామ్ తీయించి, బంగారు రంగు పళ్లను పిల్లల పెన్సిల్ రబ్బరుతో తుడిపించాడు. రబ్బరు నల్లబడింది, సీపీయూ మాత్రం కదల్లేదు. ఆఖరికి బటనే పాడైందేమోనని, బటన్ వైరు బోర్డు మీద గుచ్చుకునే రెండు ముళ్లను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలపమన్నాడు. చెయ్యి వణికింది గానీ కలిపాను. ఏం లేదు.

"అయితే చిన్నమ్మా, ఎస్ఎంపీఎస్సన్నా, బోర్డన్నా. నీ దగ్గర మీటరు లేదు, ఇక్కడితో ఆపెయ్. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకు" అన్నాడు. ఆ చివరి మాట వాడు రెండుసార్లు చెప్పాడు. 230 వోల్టుల కరెంటు ఆ డబ్బాలోకి పోయాక 325 దాకా డీసీ అయి కూర్చుంటుందట, ప్లగ్గు పీకినా కొంతసేపు అందులోనే ఉంటుందట.

మా గల్లీ చివర ఒక కొట్టు ఉంది, కొత్త సిస్టమ్‌లు, సీసీ కెమెరాలు అమ్ముతారు. అక్కడికి తీసుకెళ్లాను. కుర్రాడు సీపీయూను బల్ల మీద పెట్టి, ప్లగ్గు పెట్టి, బటన్ రెండుసార్లు నొక్కి, "బోర్డు పోయింది మేడం. దీనికి బోర్డులు ఇప్పుడు రావు. 18 వేలల్లో మంచి సిస్టమ్ ఇస్తా, దీన్ని 500కు తీసుకుంటా" అన్నాడు. పక్క మూత కూడా విప్పలేదు. డాక్టరు నాడి పట్టకుండానే పాడెకు వెదుర్లు చెప్పినట్టు. వాడిని తప్పుపట్టను, వాడి వ్యాపారం కొత్తవి అమ్మడం. కానీ ఆ 500 మాట విన్నాక ఎందుకో ఒళ్లు మండింది.

లష్కర్ బోనాలు అయిపోయి రోడ్లు ఖాళీ అయిన మంగళవారం, సీపీయూను పాత దుప్పట్లో చుట్టి ఆటో ఎక్కాను. పార్క్‌లేన్ దాకా 180 అడిగాడు, ఇచ్చాను. పార్క్‌లేన్ ఎట్లుంటుందో హైదరాబాద్‌లో కంప్యూటర్ కొన్న ప్రతివాళ్లకీ తెలుసు. దిగీ దిగగానే "మేడం ల్యాప్‌టాప్? మేడం ప్రింటర్? సీసీ కెమెరా?" అని నలుగురు చుట్టుముడతారు. చంకలో దుప్పటి మూట చూసి "అమ్ముతారా?" అని కూడా అడిగారు.

కొట్టు అంటే కొట్టు కాదు. మా ఇంట్లో పూజగది ఇంతకంటే పెద్దది. గోడల నిండా ఎస్ఎంపీఎస్‌లు, తాళ్లకు వేలాడే బోర్డులు, ఒక టేబుల్ ఫ్యాను, సోల్డరింగ్ పొగ వాసన. కస్టమర్‌కు కూర్చోవడానికి బోర్లించిన ఒక కీబోర్డు డబ్బా. పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. ముక్కు చివర కళ్లద్దాలు, వాటి మీద ఇంకో భూతద్దం. మూట విప్పుతుంటే బటన్ నొక్కలేదు, ప్లగ్గు పెట్టలేదు. ముందు నన్ను అడిగాడు.

"ఎప్పటి సంది అమ్మా?"

చెప్పాను.

"ఒక్కసారే పోయిందా, సతాయించి సతాయించి పోయిందా?"

"సతాయించి పోయిందన్నా. ప్లగ్గు పెట్టి అరగంట ఆగితే లేచేది."

ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. "అరగంట ఆగితే లేస్తుండెనా? మరి గది ముందుగాల చెప్పాలె కదా. సగం రోగం దొరికినట్టే" అని నవ్వాడు.

నేను ఇన్నాళ్లూ ముసలి ప్రాణం అనుకున్నదానికి ఆయన చెప్పిన కారణం ఇది. లోపలి కెపాసిటర్లలో, అంటే కరెంటును కాసేపు దాచుకుని సాఫీగా ఇచ్చే చిన్న భాగాల్లో, ఒక ద్రవం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. వేడికి ఇంకా తొందరగా ఎండుతుంది, 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని లెక్క. సగం ఎండిన కెపాసిటర్ చల్లగా ఉన్నప్పుడు అసలు పని చేయదు, కాస్త వెచ్చబడితే కొంత చేస్తుంది. గోడ స్విచ్చు వేసి ఉంచినంతసేపు ఎస్ఎంపీఎస్‌లో ఒక చిన్న భాగం మేలుకునే ఉంటుంది, ఆ వేడికి అరగంటలో కెపాసిటర్ కాస్త తేరుకునేది. ఆ రాత్రి కరెంటు పోయి పూర్తిగా చల్లబడింది. అంతే, ఇక లేవలేదు.

తర్వాత జరిగింది దగ్గరుండి చూశాను. ఈ కొట్టు గురించి ఇంత రాయడానికి కారణం కూడా అదే.

బోర్డుకు గుచ్చి ఉన్న 24 ముళ్ల పెద్ద కనెక్టర్‌లో ఊదా రంగు వైరు దగ్గర మీటరు పుల్ల దూర్చాడు. రంగులతో నాకు రోజూ పనే కాబట్టి గుర్తు పెట్టుకోవడం తేలికైంది: పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు గ్రౌండ్. ఊదా వైరు మాత్రం ప్రత్యేకం. సిస్టమ్ ఆపి ఉన్నా సరే, ప్లగ్గు పెట్టి ఉంటే అందులో 5 వోల్టులు ఉండాలి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. మనం బటన్ నొక్కడం అంటే గేటు కొట్టడమే. లోపల వాచ్‌మన్ మేలుకొని ఉంటే ఆకుపచ్చ వైరు ద్వారా కబురు వెళ్లి మిగతా కరెంట్లన్నీ లేస్తాయి. వాచ్‌మన్ సొమ్మసిల్లి ఉంటే ఎంత కొట్టినా గేటు తెరుచుకోదు.

కనెక్టర్ బోర్డు నుంచి పీకేసి చూస్తే మీటరు మీద 5.02 వచ్చింది. "బాగానే ఉంది కదన్నా?" అన్నాను. ఆయన మాట్లాడకుండా కనెక్టర్‌ను మళ్లీ బోర్డుకు గుచ్చి, వెనక సందులోంచి పుల్ల దూర్చాడు. 3.61. అంకె అక్కడే కొట్టుకుంటోంది. "బరువు మోయనప్పుడు అందరం పైల్వాన్లమే అమ్మా. మూట నెత్తిన పెట్టినంక చూడాలె." అయిదు వోల్టుల వైరు 4.75 కంటే దిగకూడదట.

ఆ తర్వాత ఎస్ఎంపీఎస్‌ను విడిగా తీసి, ఒక వైరు ముక్కను యూ ఆకారంలో వంచి, ఆకుపచ్చ వైరునూ నల్ల వైరునూ కలిపాడు. ఫ్యాను ఒకసారి తుళ్ళి ఆగింది. వేసవిలో నేను రోజూ చూసిన తుళ్ళింతే అది. చూడగానే గుర్తుపట్టాను.

నేను అప్పటికే మనసులో లెక్కలు వేసుకున్నాను, ఎస్ఎంపీఎస్ మారిస్తే చాలు కదా, వెయ్యిలో పోతుంది అని. ఆయన తన దగ్గరున్న మంచి ఎస్ఎంపీఎస్ తగిలించి బటన్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది. నా ప్రాణం లేచొచ్చింది. కానీ స్క్రీన్ మీద ఏం రాలేదు. నల్లగా, అట్లనే. ఇక్కడే ఇంకొకరైతే "చూశారా, బోర్డు కూడా పోయింది" అని చేతులు దులిపేసుకునేవారు. మా గల్లీ కుర్రాడి మాటే నిజమైందా అని నాకూ అనిపించింది. ఆయన మాత్రం లైటు లాక్కుని, బోర్డును అడ్డంగా పడుకోబెట్టి, కంటికి సమానంగా వంగి చూశాడు, అమ్మ బియ్యంలో రాళ్లు చూసినట్టు. "ఇటు రా అమ్మా, నువ్వు గూడ చూడు."

ర్యామ్ పక్కన వరసగా నిలబడ్డ చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు. వాటి మూతల మీద ప్లస్ గుర్తులాగా గీతలు ఉంటాయి, లోపల ఒత్తిడి పెరిగితే అక్కడ పగలడానికి. మంచివాటి మూత నాణెం లాగా చదునుగా ఉంది. మూడింటి మూతలు పొంగిన పూరీల్లా లేచి ఉన్నాయి. ఒకదాని గీత విచ్చుకుని, దాని చుట్టూ ఎండిన బెల్లం పాకం లాంటి గోధుమరంగు పొక్కు. పైనుంచి చూస్తే ఏం తెలియదు, పక్క నుంచి చూస్తేనే ఆ పొంగు కనబడుతుంది. పదహారేళ్లు నా కాళ్ల దగ్గర పెట్టుకున్న డబ్బా అది. ఒక్కసారి కూడా మూత తీసి చూడలేదు. దుమ్మయితే అక్కడ దిండుకు పట్టేంత ఉంది.

"2003, 2004 నాటి బోర్డులకైతే గీ రోగం మస్తు వస్తుండె. దీనిది వయసు మీద పడి వచ్చింది" అన్నాడు.

మూడే ఉబ్బినా, ఆయన ఆ వరసలోవి ఆరూ మార్చాడు. మూడు మారిస్తే మిగతా మూడు ఏడాది తర్వాత మళ్లీ మెట్లెక్కిస్తాయట. పాతవి 1000 మైక్రోఫారడ్, 6.3 వోల్టులవి. కొత్తవి 1000 మైక్రోఫారడే, కానీ 10 వోల్టులవి, 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునే రకం. వోల్టేజీ ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. అంగట్లో దొరికే మామూలు కెపాసిటర్లు బోర్డుకు పనికిరావని, ఇవి కోఠి గుజరాతీ గల్లీ నుంచి ఏరి తెచ్చుకుంటానని చెప్పాడు. కెపాసిటర్ ఒంటి మీద ఒక పక్క చార ఉంటుంది, అది మైనస్ కాలు. తిప్పి పెడితే పటాకీ. ఆ చారను బొటనవేలితో రెండుసార్లు తడిమి చూసుకుని మరీ గుచ్చుతున్నాడు. అంత అనుభవం ఉన్న మనిషి కూడా ప్రతిదానికీ తడుముకోవడం నాకు నచ్చింది. ప్రూఫు నేనూ అట్లనే చూస్తా. ముహూర్తం వేళను వేలు పెట్టి రెండుసార్లు చదవకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆ పని అవ్వడానికి మర్నాడు సాయంత్రం దాకా పడుతుందన్నాడు. సరే అని మెట్రోలో ఇంటికొచ్చేశాను. మర్నాడు మెట్రోలో పరేడ్ గ్రౌండ్ దగ్గర దిగి, నడుచుకుంటూ పోతే కొట్టుకు తాళం. ఫోన్ ఎత్తడు. టీకొట్టు అబ్బాయిని అడిగితే "సారు నమాజుకు పోయిండేమో, వస్తడు" అన్నాడు. గంటన్నర నిలబడ్డాను. వచ్చి, "అయిపోలేదమ్మా, రేపు" అన్నాడు. శ్రావణం ముహూర్తం నెత్తి మీద ఉన్నదానికి ఇది ఎట్లుంటుందో ఊహించుకోండి. ముందే ఒక ఫోన్ చేసుంటే రానుపోను తిరుగుడు తప్పేది కదా. సగం మార్కు ఇక్కడ పోయింది.

మూడోరోజుకు అయింది. నా ముందే తగిలించి చూపించాడు. ఎక్స్‌పీ పచ్చని గుట్ట, నీలాకాశం కనబడగానే ఎంత సిగ్గులేకుండా సంతోషించానో చెప్పలేను. పేజ్‌మేకర్ తెరిచి, ఒక కార్డు ఫైలు తెరిచి, అక్షరాలన్నీ అక్షరాల్లాగే ఉన్నాయని చూసుకున్నాకే డబ్బులు తీశాను.

లెక్క ఇది: ఆరు కెపాసిటర్లు, పని కలిపి 700. కొత్త ఎస్ఎంపీఎస్ 950. బయోస్ సెల్ (సిస్టమ్ ఆపి ఉన్నా తారీఖు, టైము గుర్తుంచే చిన్న సెల్) 50, పాతది 3 వోల్టులు ఉండాల్సింది 2.1 చూపించింది. దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద కొత్త పేస్టు వేసినందుకు 150. చెకింగ్‌కు 200 అని మొదట చెప్పాడు గానీ, రిపేరు చేయిస్తే అది తీసుకోడు. మొత్తం 1,850. బేరం ఆడలేదు. ఆడబుద్ధి కాలేదు. తీసేసిన ఆరు కెపాసిటర్లనూ పాత ఎస్ఎంపీఎస్‌నూ అడగకుండానే కవర్లో వేసి ఇచ్చాడు. మీ పాత సామాను మీ చేతికివ్వని రిపేరు కొట్టుకు మళ్లీ పోకండి, ఇది నా సొంత మాట.

ఎస్ఎంపీఎస్ గురించి నాలుగు మాటలు, ఎందుకంటే నేను అక్కడ మోసపోయేదాన్నే. పాత ఎస్ఎంపీఎస్‌ను 350కి రిపేరు చేస్తానన్నాడు, లేకపోతే కొత్తది 950. పక్క కొట్టులో 450 రూపాయలకే "450 వాట్స్" అని పెద్దక్షరాలతో డబ్బా మీద రాసి ఉన్నది కనబడింది. అదే తెస్తానన్నాను. ఆయన రెంటినీ నా రెండు చేతుల్లో పెట్టి "బరువు చూడు" అన్నాడు. చవకది ఖాళీ అగ్గిపెట్టె లాగా ఉంది. తర్వాత లేబుల్ చూపించాడు. డబ్బా మీది పెద్ద అంకె కాదట చూడాల్సింది, కింద చిన్న పట్టీలో 12 వోల్టుల ఎదురుగా ఎన్ని ఆంపియర్లు రాశారో చూడాలట. ఆ రెండూ గుణిస్తే అసలు బలం తెలుస్తుంది. 950దాని పట్టీలో 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు, అంటే 168 వాట్లు. నా ప్రాసెసర్‌కు ఎక్కువలో ఎక్కువ 65 వాట్లు కావాలి, హార్డ్‌డిస్క్, ఫ్యాన్లు కలిపినా నాకు అది సరిపోతుంది. చవకదాని పట్టీలో అసలు ఆంపియర్ల లెక్కే లేదు. పాతది రిపేరు చేయించుకోవచ్చు కూడా, కానీ పదహారేళ్లు పనిచేసిన దాన్ని ఇంకా పని చేయమనడం నాకే పాపం అనిపించింది.

ఇప్పుడు మిగతా సగం మార్కు. బిల్లు అడిగితే క్యాలెండర్ కాగితం వెనక రాసిచ్చాడు. గ్యారంటీ ఎన్నాళ్లు అంటే "ఎస్ఎంపీఎస్‌కు ఏడాది కంపెనీది, నా పనికి నేనున్నన్ని దినాలు" అన్నాడు. మాట బాగుంది. కానీ మెట్లెక్కి పోతే తాళం ఉన్న రోజున ఆ మాట ఎవరికి చూపించుకోను? ఆదివారం ఎటూ తెరవరు. ఫోన్ ఎత్తే అలవాటు అసలు లేదు. సామాను బరువైతే కింద దాకా మోయడానికి మనిషి ఉండడు, ఆయన మోయలేడు, మెట్లు కూడా నిలువుగా ఉంటాయి. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఎవరినైనా తోడు తీసుకుపోండి.

ఇంటికి తెచ్చి అన్నీ తగిలించుకున్నాక ఇంకొకటి కనబడింది. ముందు వైపు హార్డ్‌డిస్క్ లైటు, ఫైలు సేవ్ అవుతున్నప్పుడు మిణుకుమనే ఎర్రది, వెలగడం లేదు. మీకది చిన్న విషయం కావచ్చు. నాకు కాదు. పెద్ద ఫైలు సేవ్ పెట్టి, ఆ లైటు ఆగిందా లేదా చూసి కానీ నేను చేతులు తీయను. మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ వరంగల్‌కు వీడియో కాల్. మా వాడు చూసి, "చిన్నమ్మా, లైటు వైరు తిరగేసి గుచ్చిండు. బటన్ వైరు ఎట్ల పెట్టినా నడుస్తది, లైటుకు మాత్రం ప్లస్సు మైనస్సు ఉంటది. పీకి తిప్పి పెట్టు" అన్నాడు. ఈసారి చెయ్యి వణకలేదు. ప్లగ్గు పీకి, మూత తీసి, ఆ చిన్న కనెక్టర్ తిప్పి గుచ్చాను. పనిలో పనిగా ఆ ఆరు కొత్త కెపాసిటర్లనూ పక్క నుంచి వంగి చూశాను. చదునుగా ఉన్నాయి.

రాత్రి తొమ్మిదింటికి పద్మారావునగర్ వాళ్ల చిన్నమ్మాయి కార్డు మొదలుపెట్టాను. పెద్దమ్మాయి ఫైలే, పేర్లు మార్చి, ఫంక్షన్ హాలు మార్చి, తెల్లవారుజామున 4 గంటల 12 నిమిషాలకు ముహూర్తం అని వేలు పెట్టి రెండుసార్లు చదివి సేవ్ కొట్టాను. ఎర్ర లైటు మిణుకుమని ఆగింది. ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి, పొద్దున ప్రెస్సుకు పంపేశాను. మధ్యాహ్నం అదే ఫైలు కోసం ఫోల్డర్‌లో వెతికితే పైన ఎక్కడా లేదు. ఎక్కడో అడుగున, ఈ సిస్టమ్ పుట్టకముందటి తారీఖుతో దొరికింది: 2008 జనవరి 1. సెల్ మార్చాక పెద్దాయన తారీఖు సరిచేయడం మరిచిపోయాడు.